కడుపు క్యాన్సర్ సర్వైవల్, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జీన్ తేడాలు: లెక్క ఎక్కడ తప్పుతది?

నమస్తే. పుట్టుకతో వచ్చిన హార్మోన్ రిసెప్టర్ జీన్ తేడాలకు, కడుపు క్యాన్సర్ పేషెంట్లు బతికే కాలానికి లంకె ఉందా? వరంగల్‌ల ఇసొంటి ప్రాజెక్టు పట్టిన పీజీ పిల్లల కోసం ఈ వీడియో.

ఈ క్యాన్సర్ ఆడవాళ్లకంటే మగవాళ్లకు ఇంచుమించు రెండింతలు వస్తది. ఆడవాళ్లల ఎక్కువుండే ఈస్ట్రోజెన్ హార్మోన్ మీద చూపు పడ్డది అందుకే. కణంల దాన్ని అందుకునే ఆల్ఫా రిసెప్టర్ జీన్ ఈఎస్ఆర్1, 6వ క్రోమోజోమ్ మీద ఉంటది. మొదటి ఇంట్రాన్‌ల, అంటే ప్రోటీన్‌గ మారని డీఎన్ఏ ముక్కల, ఒకచోట టి అక్షరమన్న ఉంటది, సి అన్న ఉంటది. జీన్‌కు రెండు కాపీలు కాబట్టి మనిషి టిటి, టిసి, లేకుంటే సిసి. ఆ తేడాకు పెట్టిన నంబరే ఆర్ఎస్2234693.

రక్తం 3 మి.లీ. చాలు, ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబుల తియ్యాలె. ఆకుపచ్చ మూతది వద్దు, దాంట్లుండే హెపారిన్ పీసీఆర్‌ను, అంటే డీఎన్ఏ కాపీలు తీసే పనిని, ఆపుతది. కణితి ముక్క అసలే వద్దు. కణితిల క్రోమోజోమ్ ముక్కలు ఊడిపోతయి, టిసి మనిషి ఉత్త టిటి లెక్క కనబడొచ్చు.

ఇగ డీఎన్ఏను కోసే పివియు-టూ ఎంజైమ్. టి ఉంటే కోస్తది, సి ఉంటే కొయ్యది. 37 డిగ్రీల దగ్గర సరిపడ టైం ఉంచకపోతే టిటి శాంపిల్ సగమే తెగి, ముక్కలను సైజువారీగ విడదీసే జెల్ మీద టిసి లెక్క బ్యాండ్లు పడ్తయి. 200 మందిల టిటి 50, టిసి 118, సిసి 32 వచ్చినయనుకోండి. సి వాటా 0.455, ఆ లెక్కన టిసి 99 ఉండాలె. మనకు 19 ఎక్కువున్నయి. ఉండాల్సిన లెక్కకు, వచ్చిన లెక్కకు తేడా కొలిచే హార్డీ-వీన్‌బర్గ్ కై-స్క్వేర్ 7 దాటింది, హద్దేమో 3.84. పేపర్ రాసుడు తర్వాత, ముందు ఆ టిసిలను మళ్ల కోసి చూడండి. తెలిసిన టిటి శాంపిల్ ఒకటి ప్రతి జెల్ మీద ఉంటే ఈ తిప్పలే ఉండది.

ఎక్కువమంది బోల్తా పడేది టైం దగ్గర. జబ్బు జనవరిల బయటపడ్డది, రక్తం ఏప్రిల్‌ల తీసిన్రు. ఆ మూడు నెలల్ల పోయినోళ్లు మన లిస్టుల లేనే లేరు. అయినా జనవరి నుంచి లెక్కపెడ్తే, కాజీపేటల ఎక్కినాయనకు బల్లార్ష నుంచి టికెట్ కొట్టినట్టే. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌ల సర్వ్ ఫంక్షన్‌కు రెండు టైంలు ఇయ్యండి: రక్తం తీసిన రోజు, ఆఖరి రోజు (పోయిన రోజు, లేకుంటే ఆఖరిసారి చూసిన రోజు). రెండూ జబ్బు తేలిన రోజు నుంచే కొలవాలె.

చావు ముప్పును లెక్కగట్టే కాక్స్ మోడల్‌ల వయసు, ఆడ-మగ, స్టేజి తప్పకుండ పెట్టాలె. ములుగు దిక్కు నుంచి నెలలకొద్ది గ్యాస్ గోలీలేసుకొని నాలుగో స్టేజిల వచ్చినాయనకు జీన్ ఏదైనా ముప్పు ముప్పే.

ఆఖరికి హజార్డ్ రేషియో, అంటే రెండు గుంపుల చావు ముప్పు నిష్పత్తి, 0.70, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.45 నుంచి 1.08 వచ్చిందనుకోండి. నడుమ 1 ఉంది, 1 అంటే తేడా లేనట్టే, అందుకే కాపాడుతదని రాయరాదు. 20 జీన్ తేడాలు చూసినోళ్లయితే, 0.05ను 20తోని భాగించే బాన్‌ఫెరోనీ లెక్కన పి విలువ 0.0025 కంటే తక్కువుండాలె. హెర్2 ప్రోటీన్ టెస్టుతోని దీన్ని కలపకండి. అది కణితి మీద చేస్తరు, దాన్నిబట్టి మందు మారుతది. ఈఎస్ఆర్1 రిజల్టును పేషెంట్ ఫైల్‌ల పెట్టే పనే లేదు.