అడగని మెయిలు, అందని మిక్సీ

సభకు నమస్కారం.

విశాఖ బీచ్ రోడ్డు గాలి వదులుకుని ద్వారకానగర్ దాకా వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతంతో విసిగించను. మనం అడగకుండా వచ్చిన ప్రచార మెయిలు అసలైనదా, మోసమా అని తేల్చుకోవడం ఎలా అన్నది ఇవాళ్టి అంశం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక సంస్థ మెయిల్ సర్వర్ బాధ్యత చూసినవాణ్ణి. అందుకని మెయిలు తియ్యగా ఏం చెబుతోందన్నదాని కంటే ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి తీసుకుపోతోంది అన్నదే ముందు చూసే అలవాటు నాకు మిగిలిపోయింది.

అడగకుండా వచ్చినంత మాత్రాన మోసం కాదు. 1978 మే నెలలో గ్యారీ థర్క్ అనే ఆయన, అమెరికాలో అప్పటి కంప్యూటర్ నెట్‌వర్క్ అయిన అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే మెయిలు పంపాడు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఆహ్వానం. తొలి స్పామ్‌గా చెప్పుకునేది దీన్నే. కంపెనీ నిజం, కంప్యూటర్లు నిజం, ప్రదర్శన నిజం. అందుకున్న చాలామందికి ఒళ్లు మండిన మాటా నిజమే. విసిగించే మెయిలు వేరు, ముంచే మెయిలు వేరు. చిక్కల్లా రెండూ ఒకే వేషంలో వస్తాయి.

తప్పుల తడక ఇంగ్లీషు ఉంటే మోసమని చాలాకాలం చెప్పుకున్నాం. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో దీనికి ఒక మంచి వివరణ ఇచ్చాడు. నా ఆస్తిలో వాటా ఇస్తానంటూ వచ్చే నైజీరియా యువరాజు కథలాంటి నాసిరకం ఉత్తరం మోసగాడికి లాభమేనట. అనుమానించేవాళ్లు చదవగానే పక్కకు తప్పుకుంటారు, అది కూడా నమ్మేవాళ్లే జవాబిస్తారు. ఇక వాళ్లమీదే అతను సమయం పెడితే చాలు. ఆ రోజులు వేరు. ఇప్పుడు కృత్రిమ మేధ చేత ఎవరైనా తప్పులేని ఇంగ్లీషు రాయించుకోవచ్చు, చక్కటి తెలుగూ రాయించుకోవచ్చు. లోగో సంగతి చెప్పనక్కరలేదు. కంపెనీ వెబ్‌సైటులోంచి తీసి అతికించడానికి నిమిషం పట్టదు.

తెర మీద ఉన్న ఈ మెయిలు చూడండి. నమూనాగా నేనే తయారుచేశాను, అయితే ఇలాంటివి మీ ఇన్‌బాక్సుల్లోనూ ఉంటాయి. ఊరూరా శాఖలున్న ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం పేరుతో సంక్రాంతి కానుక. నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే మిక్సీ గెలుచుకోవచ్చు. పైన దుకాణం పేరు ఉంది కదా, అది చిరునామా కాదు. పంపినవాడు తన ఇష్టం వచ్చినట్టు టైపు చేసుకున్న పేరు. పోస్టు కవరు మీద ‘ఫ్రం’ అన్నచోట ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయొచ్చు, ఎవరూ ఆపరు. మెయిలూ అంతే. ఆ పేరు మీద నొక్కితే కింద అసలు చిరునామా కనిపిస్తుంది. అందులో ‘ఎట్’ గుర్తు తర్వాతి భాగాన్ని, అంటే డొమైన్‌ను, కుడివైపు నుంచి చదవాలి. చివర డాట్ కామ్ ఉందనుకోండి, దానికి సరిగ్గా ముందున్న మాటే యజమాని పేరు. దుకాణం పేరు ఎడమవైపు ఎక్కడో ఉండి, కుడివైపు చివరన ‘గిఫ్ట్-ఆఫర్ డాట్ షాప్’ లాంటిది ఉంటే, ఆ మెయిలు గిఫ్ట్-ఆఫర్ వాడిది. దుకాణానికి దానితో సంబంధం లేదు. అక్షరాల్లోనూ మాయ ఉంటుంది. ఇంగ్లీషు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోను తెరమీద ఎమ్ లాగే కనిపిస్తాయి. మా వయసువాళ్లు కళ్లజోడు పెట్టుకునే చూడాలి.

ఇక లింకు. నొక్కి వదిలేయకుండా వేలు అలాగే ఉంచితే అది ఎక్కడికి వెళుతుందో ఫోను చూపిస్తుంది. లోపలికి వెళితే ఏమవుతుందో నేను చెబుతాను, మీరు వెళ్లనక్కరలేదు. నాలుగు ప్రశ్నలకూ ఏ జవాబు చెప్పినా ఒకటే. తర్వాత పెట్టెలు వస్తాయి. మొదటి పెట్టె ఖాళీ, రెండోదాంట్లో మిక్సీ. విశాఖలో నొక్కినా విజయనగరంలో నొక్కినా రెండోదాంట్లోనే. పైన గడియారం వెనక్కి తిరుగుతూ తొందరపెడుతుంటుంది. కింద గెలిచినవాళ్ల ఆనందబాష్పాలు. చివరికి కొరియర్ ఖర్చు 49 రూపాయలు, కార్డు వివరాలు ఇవ్వండి అంటుంది.

ఈ 49 రూపాయల దగ్గర కాసేపు ఆగాలి. ఇంతే కదా, పోతే పోయాయి అనుకుంటాం. వాళ్లకు కావలసింది ఆ 49 కాదు, కార్డు నంబరు. మీ ఫోనుకు ఓటీపీ వస్తుంది. మనలో చాలామందిమి ఆరు అంకెలు చూసి టైపు చేసేస్తాం, ఆ మెసేజీలో మిగతా వాక్యం చదవం. మామూలుగా ఎంత మొత్తానికి, ఎవరికి అన్నది అందులోనే ఉంటుంది. పేజీలో 49 అని ఉండి మెసేజీలో 24,900 అని ఉంటే మోసం బయటపడినట్టే. కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ లేకుండానే కార్డులోంచి డబ్బు లాగగలవు. అందుకే కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోపలి వాడకానికే పనిచేయాలని రిజర్వు బ్యాంకు 2020లో నిబంధన పెట్టింది. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకుని, తిరిగొచ్చాక మరచిపోయినవాళ్లు ఇక్కడ ఉంటారు. ఇంటికి వెళ్లి బ్యాంకు యాప్‌లో చూసుకోండి.

ఇప్పుడు కంపెనీల మీద నా ఫిర్యాదు. అసలైన కంపెనీలు కూడా దొంగల్లాగే ప్రవర్తిస్తున్నాయి. ‘ఈ రాత్రి వరకే’ అని బెదిరిస్తాయి. మెయిళ్లు పంపే పని ఇంకో సంస్థకు అప్పగిస్తాయి కాబట్టి లింకులు ఎవరిదో డొమైన్ మీదుగా, పొడుగాటి పిచ్చి అక్షరాలతో వెళతాయి. అంటే నిఖార్సైన మెయిలు కూడా పైన చెప్పిన పరీక్షలో తప్పవచ్చు. మెయిలు తాను చెప్పుకున్న డొమైన్ నుంచే వచ్చిందా అని సర్వర్లు చేసే తనిఖీలు కొన్ని ఉన్నాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అంటారు. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు జీమెయిల్, పెద్దఎత్తున పంపేవాళ్లకు యాహూ 2024 ఫిబ్రవరి నుంచి వీటిని తప్పనిసరి చేశాయి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కితే ఈ మూడింటి ఫలితం కనిపిస్తుంది. అయితే ‘పాస్’ అని ఉంది కదా అని సంబరపడకండి. కవరు మీది డొమైన్ నుంచే వచ్చిందని అది చెబుతుంది, ఆ డొమైన్ మంచివాడిదని చెప్పదు. గిఫ్ట్-ఆఫర్ వాడు తన సొంత డొమైన్‌తో మూడూ దర్జాగా పాస్ అవుతాడు.

బ్యాంకుల విషయంలో కాస్త ఊరట ఉంది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబర్ 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లను జారీ చేసేది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే, బ్యాంకులకే ఇస్తుంది. కానీ ఆ చుక్క చూడండి. ‘బ్యాంక్’కు ముందు చుక్క ఉండాలి. చుక్క లేకుండా ఫలానాబ్యాంక్ డాట్ ఇన్ అని పేరు ఖాళీగా దొరికితే ఎవరైనా కొనుక్కోవచ్చు.

కాబట్టి మెయిలు ఎవరిదన్నది తేలకపోయినా పరవాలేదు. మీ దారిన మీరు వెళ్లండి. ఆఫర్ నిజమైతే కంపెనీ యాప్‌లోనూ ఉంటుంది, వెబ్‌సైటులోనూ ఉంటుంది, డాబాగార్డెన్స్‌లోనో గాజువాకలోనో ఉన్న శాఖలో అడిగినా చెబుతారు. మెయిలులోని లింకుతో, అందులోని ఫోను నంబరుతో పనిలేదు. నిజమైన ప్రచారానికి కావలసింది మీరు వచ్చి కొనడమే. కానుక ఇవ్వడానికి ముందు డబ్బు కట్టమన్నా, పిన్ అడిగినా, ఏదో యాప్ దించుకోమన్నా అది ఎవరి పేరుతో వచ్చినా మోసమనే అనుకోండి. విదేశీ లాటరీ తగిలిందన్న మెయిలైతే ఆలోచనే అక్కర్లేదు. లాటరీ కోసం ఇక్కడినుంచి విదేశాలకు డబ్బు పంపడాన్ని విదేశీ మారకద్రవ్యానికి సంబంధించిన ఫెమా చట్టం కింద నిబంధనలు నిషేధించాయి.

విద్యార్థులకు ఒక మాట. ఉద్యోగం ఇస్తామన్న మెయిలు కూడా ప్రచార మెయిలే. 2024 మేలో మన విశాఖ పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కాంబోడియాకు తరలించి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. మిమ్మల్ని మోసగించే మెయిలు వెనక కూర్చున్నవాడు మన జిల్లావాడే కావచ్చు, వాడూ ఇలాంటి ఆఫరే నమ్మి అక్కడ చిక్కుకుని ఉండవచ్చు. నాకు ఆ వార్త చదివాక వాళ్లమీద కోపం సగమైంది, ఏజెంట్లమీద రెట్టింపైంది.

అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కాలా అని చాలామంది అడుగుతారు. మీకు తెలిసిన కంపెనీ అయితే నొక్కండి, ఆగిపోతాయి. తెలియనిదైతే నొక్కకండి, ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని మీరే తెలియజేసినట్టవుతుంది. స్పామ్ అని గుర్తుపెట్టి వదిలేయండి.

ఇప్పటికే నొక్కి, వివరాలు ఇచ్చేసి ఉంటే సిగ్గుపడుతూ రెండు రోజులు దాచుకోకండి. ముందు యాప్‌లో కార్డు ఆపేయండి. వెంటనే 1930కి ఫోను చేయండి. డబ్బు ఖాతాల మీదుగా చేతులు మారకముందే ఆపడానికి పెట్టిన నంబరు అది, ఆలస్యమైనకొద్దీ ఆశ తగ్గుతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ మెయిలును మాత్రం చెరిపేయకండి, పోలీసులు అడుగుతారు. పాస్‌వర్డు ఇచ్చి ఉంటే అది మార్చండి, అదే పాస్‌వర్డు ఇంకెక్కడ వాడారో అక్కడా మార్చండి.

ఇక మీ ఫోన్లు తీయండి. స్పామ్ ఫోల్డర్ తెరిచి, పైనున్న మూడు మెయిళ్లలో పంపినవాడి పేరుమీద నొక్కి, అసలు చిరునామా చదవండి. అర్థంకానివి ఉంటే చెయ్యెత్తండి, నేనే మీ దగ్గరికి వస్తాను.