దివాన్ దేవిడీ దర్వాజా

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంట వాటికే సరిపోతుంది. అందరికీ కలిపి ఒకటే దండం.

'మ్యూజియాలు, విద్యార్థులు' అనే అంశం ఇచ్చారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక మెట్ల దగ్గర ఒక అబ్బాయి, "సార్, నేను సాలార్‌జంగ్ ప్యాలెస్ చూశాను" అన్నాడు. ఆ పేజీలు మడిచి జేబులో పెట్టేశాను.

బాబూ, నువ్వు చూసింది ప్యాలెస్ కాదు. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో ఉన్న ఆ భవనం సాలార్‌జంగ్ మ్యూజియం కోసమే కట్టింది. వస్తువులు అందులోకి వచ్చింది 1968లో. అంతకుముందు అవన్నీ ఉన్నది దివాన్ దేవిడీలో, అంటే నిజాంల దగ్గర దివాన్లుగా, ప్రధానమంత్రులుగా చేసిన సాలార్‌జంగ్‌ల సొంత ఇంట్లో. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో పోయారు. పెళ్లి చేసుకోలేదు, వారసులు లేరు. ఇంటినిండా సామాను మిగిలింది. 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి ఆ ఇంటినే మ్యూజియంగా ప్రారంభించారు. మూసీ అంటే 1908 వరద గుర్తొస్తుంది, ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్... వద్దులెండి, అటు వెళ్తే మళ్లీ ఇటు రాలేను.

1965లో మా నాన్న నన్ను దేవిడీకి తీసుకెళ్లాడు. నాకు ఎనిమిదేళ్లు. ఒక గదిలోంచి ఇంకో గది, అందులోంచి మరోటి. కాసేపటికి నాన్న చెయ్యి వదిలేశాను. వెతుక్కుంటూ పోతే ఎదురుగా ఎవరో పిల్లాడు ముక్కు కారుస్తూ ఏడుస్తున్నాడు. పాపం, వీడు కూడా తప్పిపోయాడనుకున్నాను. అద్దం! నిలువెత్తు అద్దం. అక్కడి కాపలా ముసలాయన నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టి, "రోనా నై బేటా, బాప్ ఇసీ ఘర్ మే హై" అన్నాడు. ఏడవకు బాబూ, మీ నాన్న ఈ ఇంట్లోనే ఉన్నాడని. అప్పుడు నాకు ఉర్దూ రాదు. అయినా 'ఘర్' అన్న మాట అలాగే ఉండిపోయింది. మ్యూజియం అనలేదు ఆయన, ఇల్లు అన్నాడు.

టీచరునయ్యాక పిల్లల్ని ఏటా కొత్త భవనానికి తీసుకెళ్లాను. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న పాలరాతి శిల్పం ముసుగు రెబెక్కా ఉంది, గడియారం ఉంది. అంతా ఉంది. నేను ఏడ్చిన గది మాత్రం లేదు.

చేతులెత్తండి. పన్నెండింటికి గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొట్టడం చూసినవాళ్లు? అబ్బో, సగం మంది ఉన్నారే. దివాన్ దేవిడీ దర్వాజా చూసినవాళ్లు? ...ఒక్కరు. అమ్మా, మీదెక్కడ? పత్తర్‌గట్టీయా! ఆ దర్వాజా ఉన్నది మీ పేటలోనే, అందుకే. అది లెక్కలోకి రాదమ్మా.

మ్యూజియం నుంచి చార్మినార్ వైపు నడిస్తే ఎంతో దూరం లేదు. దర్వాజా ఉంది, వెనక ఇల్లు లేదు. లోపలంతా దుకాణాలు. వస్తువుల్ని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి జాగ్రత్తగా తరలించాం. వాటిని కాపాడటానికి 1961లో చట్టం కూడా వచ్చింది. వాటి ఇంటిని మాత్రం వదిలేశాం. తప్పెవరిదని అడగకండి, అది చెప్పడానికి ఇంకో సభ కావాలి.

చీటీ వచ్చింది, చూశాను. రెండు నిమిషాలు.

రిటైరయ్యాక ఒకరోజు ఆ దర్వాజాలోంచి లోపలికి పోయి, గదులు ఎటువైపు ఉండేవో అంచనా వేస్తూ నిలబడ్డాను. ఒక బట్టల కొట్టాయన, "ఏం కావాలి సాబ్?" అన్నాడు. అద్దం ఉన్న గది కోసం చూస్తున్నానని ఎలా చెప్పను? "షర్టు పీసు" అన్నాను. ఆయన నీలం గుడ్డ నా భుజాన వేసి, చూసుకోమని చేతి అద్దం పట్టాడు. బేరం కూడా ఆడకుండా కొనేశాను. ఇవాళ ఆ చొక్కా వేసుకొచ్చి మీకు చూపించాలనుకున్నాను. ఇస్త్రీ నుంచి రాలేదు.

ఉంటాను మరి.