పేరు లేని ప్రాసిక్యూటర్

శ్రోతలకు నమస్కారం.

1939 ఏప్రిల్‌లో అమెరికాలో ఎన్‌బీసీ రేడియో ఒక నాటకం మొదలుపెట్టింది. పేరు ‘మిస్టర్ డిస్ట్రిక్ట్ అటార్నీ’. నేరస్థుల మీద ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటరే కథానాయకుడు. చాలా ఏళ్ల పాటు ఆ మహానుభావుడికి పేరు మాత్రం పెట్టలేదు. హోదాతోనే సరిపెట్టారు.

ముందు ప్రయోక్త ‘ప్రజల పక్షాన నిలిచిన వీరుడు’ అంటూ బిరుదులు చదివేవాడు. ఆ వెంటనే, గుహలోంచి వస్తున్నట్టు ప్రతిధ్వనించే గొంతుతో ప్రమాణం: నేరస్థులను శిక్షింపజేయడంతో పాటు పౌరులందరి హక్కులనూ అంతే పట్టుదలతో కాపాడతానని. 1940 నుంచి ఆ గొంతు నటుడు జే జాస్టిన్‌ది. సహాయానికి సెక్రటరీ మిస్ మిల్లర్, పరిశోధకుడు హారింగ్టన్. మధ్యలో ఇపానా టూత్‌పేస్టు, వైటాలిస్ తలనూనె ప్రకటనలు. అరగంటలో హంతకుడు దొరికిపోవలసిందే!

మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. అమెరికాలో చాలా చోట్ల డిస్ట్రిక్ట్ అటార్నీ ఓట్లు అడిగి గెలవాలి. అందుకే ఆ పదవికి నలుగురి నోళ్లలో నానడం అవసరం. ఈ నాటకానికి స్ఫూర్తి అయిన న్యూయార్క్ ప్రాసిక్యూటర్ థామస్ డ్యూయీకి ఆ సంగతి బాగా తెలుసు. హోటళ్ల నుంచి, కోళ్ల వ్యాపారుల నుంచి మామూళ్లు గుంజే ముఠాల గురించి ఆయన స్వయంగా రేడియోలో మాట్లాడి, భయపడకుండా వచ్చి చెప్పమని జనాన్ని కోరాడు.

అయితే నాకు నాటకం కన్నా అసలు కేసే రసవత్తరంగా తోస్తుంది. డ్యూయీ బృందంలోని న్యాయవాదుల్లో ఏకైక మహిళ యూనిస్ కార్టర్, నల్లజాతి వనిత. వ్యభిచారం కేసుల్లో పట్టుబడిన స్త్రీలను ఆమె అంతకుముందే కోర్టులో చూసింది. ఎక్కడెక్కడో పట్టుబడినవారు అచ్చుగుద్దినట్టు ఒకే కథ చెబుతున్నారు. వాదించేది అదే వకీలు, జామీను ఇచ్చేది అదే మనుషులు, కేసు కొట్టివేత మామూలే. వీళ్లందరి వెనక ఒకే ముఠా ఉందని ఆమె పసిగట్టింది. 1936 ఫిబ్రవరిలో ఒకే రాత్రి పదుల సంఖ్యలో వేశ్యాగృహాల మీద దాడులు జరిగాయి. సమాచారం బయటికి పొక్కకుండా, ఎక్కడికి వెళ్లాలో పోలీసులకు చివరి నిమిషం దాకా చెప్పలేదు. ఆ జూన్‌లో ముఠా నాయకుడు లక్కీ లూచియానోకు 30 నుంచి 50 ఏళ్ల శిక్ష పడింది.

తుపాకీ మోతలు లేవు, ఓపికగా కాగితాలు తిరగేయడమే. రేడియోకు ఇది పనికిరాదు. మిస్ మిల్లర్‌ను సెక్రటరీ కుర్చీ దగ్గరే ఆపేయడం మాత్రం రచయితల కల్పనాశక్తిలో లోటే.

1946లో లూచియానో శిక్ష తగ్గించి ఇటలీకి పంపించారు. యుద్ధకాలంలో నౌకాదళానికి సహకరించాడన్నది చెప్పిన కారణం. ఆ నిర్ణయం తీసుకున్న గవర్నరు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ డ్యూయీ. ఇలాంటి ముగింపు రాసుకొస్తే ఏ టూత్‌పేస్టు కంపెనీ డబ్బు పెట్టేది కాదు. సెలవు.