తుంటి విరిగితే ఏ ఆపరేషన్? ఎందుకు?

[తెరపై: వెల్లకిలా పడుకున్న వృద్ధురాలి పాదాలు]

ఈ పాదాలు చూడండి. ఎడమది నిటారుగా ఉంది. కుడిది బయటివైపు వాలిపోయింది, కాలు కాస్త పొట్టిగానూ కనిపిస్తోంది. పెద్ద వయసువాళ్లు జారిపడ్డాక కాలు ఇలా తిరిగితే తుంటి విరిగిందనే ముందు అనుమానించాలి. లేపి నడిపించి చూడకండి. కాలు మామూలుగానే ఉన్నా గజ్జల్లో నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. చిన్న చీలిక ఎక్స్‌రేలోనూ దొరకకపోవచ్చు, అప్పుడు ఎంఆర్ఐ అవసరమవుతుంది.

[తెరపై: తొడ ఎముక పైభాగం]

తుంటి అంటాం గానీ, విరిగేది తొడ ఎముక పైభాగం. పైన గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ. తలకు రక్తం తీసుకెళ్లే ముఖ్యమైన నాళాలు ఈ మెడను అంటిపెట్టుకునే పైకి పాకుతాయి. అసలు చిక్కంతా ఇక్కడే. మెడ విరిగి ముక్కలు జరిగితే నాళాలూ దెబ్బతింటాయి. స్క్రూలు ఎంత బాగా బిగించినా, రక్తం అందక తల చచ్చుబడవచ్చు. అందుకే పెద్దవాళ్లలో ఆ తలను తీసేసి లోహపు తల అమరుస్తారు. ఆ తల కూర్చునే కటి ఎముకలోని గిన్నెను కూడా మారిస్తే అది పూర్తి కీలు మార్పిడి. పూర్తిది కాబట్టి అదే మేలనుకోకండి. 2019లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో, రెండేళ్లలోపు మళ్లీ ఆపరేషన్ అవసరం పడటంలో ఈ రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముక్కలు జరగకపోతే మాత్రం స్క్రూలు సరిపోవచ్చు.

[తెరపై: మెడ కింద విరిగిన గీత]

ఇక్కడ విరిగితే కథ వేరు. రక్తానికి లోటుండదు, ఎముక అతుక్కుంటుంది. కీలు మార్చరు. ఎముక లోపల రాడ్డు గానీ, పక్కన ప్లేటు గానీ వేసి, పెద్ద స్క్రూను తలలోకి పంపుతారు. ఈ స్క్రూ తన గొట్టంలో కాస్త వెనక్కి జారేలా ఉంటుంది. అడుగు వేసినప్పుడు పడే బరువుకే ముక్కలు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. నాకైతే ఈ ఏర్పాటు ముచ్చటేస్తుంది.

[తెరపై: ఆస్పత్రి గది]

“ఈ వయసులో ఆపరేషనా?” అని ఇంట్లోవాళ్లు వెనకాడతారు. వారాల తరబడి మంచానికి అతుక్కుపోతే న్యుమోనియా, పడక పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు వచ్చే ముప్పు పెరుగుతుంది. కాబట్టి చాలామందికి మంచమే పెద్ద ప్రమాదం. వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయడం మంచిది. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే చేరగానే చెప్పండి. ఆపరేషన్ అయిన మర్నాడే నిలబెడతారు, భయపడకండి.

డిశ్చార్జికి ముందు ఎముకలు గుల్లబారకుండా మందు రాశారో లేదో డాక్టర్‌ను అడగండి. విరిగింది ఒక తుంటే, రెండోది ఇంకా ఉంది.