కిలిమ్ చీలికను కుట్టవద్దు

అధ్యక్షులకు, నిర్వాహకులకు, సభకు నమస్కారం. కిలిమ్ వంటి నూగు లేని చేనేత తివాచీల చరిత్రను గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. దానికంటే ముందు ఒక చీలికను గురించి చెప్పుకోవాలి. నా సమయమంతా దాని దగ్గరే గడిచిపోతే మన్నించండి.

తివాచీ అనగానే ముడులు వేసి, కొసలు కత్తిరించి, నూగు నిలబెట్టినదే చాలామందికి తోస్తుంది. కిలిమ్‌లో ముడీ లేదు, నూగూ లేదు. ఉన్నవి పడుగు అనే నిలువు పోగులు, పేక అనే అడ్డపోగులు మాత్రమే. పేకను బిగించి లాగకుండా విల్లులా వంచి పరిచి, దువ్వెనతో దిగగొడతారు. బిగిస్తే అంచులు లోపలికి గుంజుకుపోతాయి. వదులుగా ఉంటేనే ఉన్ని సర్దుకుని పడుగును పూర్తిగా కప్పుతుంది. మనకు కనిపించే రంగంతా పేకదే. అయితే ఏ రంగు పేకైనా తన హద్దు వరకే వెళ్లి, అక్కడి పడుగు పోగును చుట్టి వెనక్కి తిరుగుతుంది. పక్క రంగు పేక పక్క పోగును చుట్టి తన దారిన మళ్లుతుంది. ఆ రెండు పోగుల మధ్య మిగిలిన సన్నని సందే చీలిక.

కొన్నేళ్ల కిందట ఒక సేకరణలో టర్కీలోని అనటోలియా ప్రాంతపు పాత కిలిమ్ ఒకటి చూశాను. చినిగిందనుకుని ఎవరో చీలికలన్నింటినీ నైలాన్ దారంతో కుట్టేశారు. కుట్టు పడిన ప్రతిచోటా నేత ముడుచుకుపోయి, రంగుల మధ్య కత్తితో గీసినట్లుండవలసిన గీత మొద్దుబారింది. ఆ కోపం నాకు నేటికీ తగ్గలేదు. ఐరోపా గోడ తెరలలో చీలికలను కుట్టేవారు, నిజమే. వేలాడే బరువుకు అవి విచ్చుకుంటాయి కాబట్టి ఆ పని అవసరమైంది. నేలమీది కిలిమ్‌కు ఆ బాధ లేదు.

పైగా, దయచేసి గమనించండి, కిలిమ్ నమూనా పుట్టిందే చీలిక వల్ల. నిలువు చీలిక పొడవు పెరిగితే నేత బలం తగ్గుతుంది. అందుకని నేసేవారు కొన్ని పేకలకొకసారి హద్దును ఒకటి రెండు పోగులు పక్కకు జరుపుతారు. కిలిమ్‌లో మనం మెచ్చుకునే మెట్ల అంచులూ, త్రికోణాలూ, కొక్కేలూ అలా వచ్చినవే. చీలిక వద్దనుకుంటే రెండు రంగులనూ ఒకే పోగుకు చుట్టవచ్చు, కానీ హద్దు రంపపు పళ్లలా మారుతుంది. పేకను పేకతో మెలివేయవచ్చు, కానీ పని నెమ్మదిస్తుంది. సుమాక్ అనే మరో నూగు లేని నేత దారే వేరు: పేక నాలుగు పోగుల మీదుగా వెళ్లి రెండింటి కిందుగా వెనక్కి వస్తుంది, కొసలు వెనుక వేలాడతాయి. చీలిక నేత కిలిమ్‌కు రెండు ముఖాలా ఒకే నమూనా కనిపిస్తుంది.

వివరణ పత్రాలు రాసే మిత్రులారా, మరమ్మతు చేసే మిత్రులారా, ఆ సందును వెలుగుకు పట్టి చూడండి. పేక పోగును చుట్టి తిరిగి ఉంటే అది చీలిక, దానిని వదిలేయండి. పోగులు తెగి, పీచు లేచి ఉంటే అది చినుగు. సూది అక్కడ పట్టండి.