ఏ రాత్రి పాట ఆ రాత్రిదే

శ్రోతలకు నమస్కారం.

1978 డిసెంబరు 31 రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్ అనే సంగీతశాల శాశ్వతంగా మూతపడబోతున్నప్పుడు, అక్కడి చివరి కచేరీకి వచ్చిన అభిమానులు లోపల ఒక పెద్ద బ్యానరు వేలాడదీశారు. ఈ నగరంలో ‘డార్క్ స్టార్’ అనే పాట వినపడి 1535 రోజులైందని దాని మీద రాసి ఉంది. ఎవరో క్యాలెండరు ముందు పెట్టుకొని, 1974 అక్టోబరు 18 నుంచి లెక్కగట్టి వేసిన అంకె అది. తెల్లవారుజాము దాకా సాగిన ఆ కచేరీలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం ‘డార్క్ స్టార్’ వాయించింది. ఒక పాట కోసం నాలుగేళ్లకు పైగా రోజులు లెక్కపెట్టుకునే మనుషుల గురించి, ఆ కోవకే చెందిన నేను ఈ కాసేపు మాట్లాడతాను.

రికార్డులు అమ్ముకోవడం కన్నా ఊరూరా తిరిగి కచేరీలు చేయడమే అసలు పనిగా పెట్టుకున్న రాక్ బృందాలను అమెరికాలో జామ్ బ్యాండ్లు అంటారు. ఏ పాటలు వాయించబోతున్నారో వారు ముందుగా ప్రకటించరు. నిన్న వాయించిన పాట ఈరోజు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా, నిన్న ఎనిమిది నిమిషాలలో ముగిసినది ఈరోజు ఇరవై నిమిషాలు సాగవచ్చు, ఆగకుండా మరొక పాటలోకి జారిపోనూ వచ్చు. 1965లో కాలిఫోర్నియాలో మొదలైన గ్రేట్‌ఫుల్ డెడ్ ముప్పై ఏళ్లలో సుమారు 2300 కచేరీలు చేసింది. 1983లో వెర్మాంట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టిన ఫిష్ బృందమైతే, 2017లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు వాయించి, 237 పాటలలో ఒక్కదానినీ రెండోసారి వాయించలేదు. అందుకే ఈ బృందాల అభిమానులు ఒక కచేరీ విని ఇంటికి వెళ్లి ఊరుకోరు. మర్నాడు వాళ్లు ఏ ఊరు వెళితే ఆ ఊరు వెళతారు, ఎందుకంటే ఏ రాత్రి పాట ఆ రాత్రిదే.

కర్ణాటక సంగీతం వినే అలవాటున్న శ్రోతలకు ఇందులో వింత కనిపించకపోవచ్చు. తోడి రాగం నిన్న విన్నాం కదా అని ఈరోజు ఎవరూ లేచి వెళ్లిపోరు. ఈ పూట విద్వాంసుడి మనోధర్మం ఎటు నడుస్తుందో వినాలనే కూర్చుంటారు. రెండు సంప్రదాయాల పద్ధతులు వేరు, శిక్షణ వేరు, కానీ వినేవారి ఆత్రం మాత్రం ఒక్కటేనని నా నమ్మకం. పైగా ఇక్కడ మనతో నిజమైన చుట్టరికం కూడా ఉంది. 1967లో గ్రేట్‌ఫుల్ డెడ్‌లో చేరిన డ్రమ్మర్ మిక్కీ హార్ట్ తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గర లయ నేర్చుకున్నాడు. ఆయన కుమారుడు జాకిర్ హుస్సేన్‌తో దశాబ్దాల పాటు కలిసి పనిచేశాడు. వారిద్దరూ, ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్, మరికొందరు కలిసి 1991లో విడుదల చేసిన ‘ప్లానెట్ డ్రమ్’ ఆల్బమ్‌కు, ప్రపంచ సంగీతం విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ దక్కింది. హార్ట్‌కు ఉన్న ఆ లెక్కల పిచ్చి గ్రేట్‌ఫుల్ డెడ్ పాటల్లోకీ వచ్చింది. వారి ‘ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్’ పది లెక్కల తాళంలో నడుస్తుంది. ఆ పాట పేరు గుర్తుంచుకోండి, మళ్లీ దాని అవసరం వస్తుంది.

ఇక ‘డార్క్ స్టార్’ సంగతి. 1968లో అది చిన్న రికార్డుగా విడుదలైనప్పుడు దాని నిడివి మూడు నిమిషాలు కూడా లేదు, కొన్నవారు కూడా బహు కొద్దిమంది. 1969 ఫిబ్రవరి 27న శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్‌లో అదే పాట ఇరవై మూడు నిమిషాలు సాగింది. ‘లైవ్/డెడ్’ ఆల్బమ్‌లో మనం వినేది ఆ రాత్రిదే. 1972 ఆగస్టు 27న ఆరెగాన్ రాష్ట్రంలోని వెనీటా అనే ఊరి దగ్గర ఒక మైదానంలో, ఆర్థిక ఇబ్బందుల్లో పడిన ఒక చిన్న పాల డెయిరీని ఆదుకోవడానికి ఈ బృందం వాయించింది. గిటార్ల శ్రుతి నిలవనంత ఎండ. ఆ ఎండపూట ‘డార్క్ స్టార్’ అరగంట దాటింది. మూడు నిమిషాల పాట, ఇరవై మూడు నిమిషాల పాట, అరగంట దాటిన పాట: మూడింటి పేరూ ఒకటే, మొదలయ్యే స్వరాలూ అవే, కానీ ఒకసారి చేరిన చోటికి మరొకసారి చేరలేదు. 1974 తరువాత ఆ పాట అరుదైపోయింది. వింటర్‌ల్యాండ్ బ్యానరు ఆ కరువులో పుట్టినదే. 1984 జులై 13న బర్కిలీలో ఒకసారి వినపడి, ఆ తరువాత మళ్లీ మాయమైంది.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ చెప్పాలి. 1987లో ‘టచ్ ఆఫ్ గ్రే’ అనే పాట రేడియోలో మోగిపోయి, ఇరవై రెండేళ్లుగా తమ దారిన తాము తిరుగుతున్న బృందానికి ఒక్కసారిగా జనం విరగబడ్డారు. టికెట్ లేనివారు కూడా వేల సంఖ్యలో వచ్చి సంగీతశాలల బయట చేరడంతో, ఊళ్లు వీరిని రానివ్వడానికి జంకే పరిస్థితి వచ్చింది. అందుకని 1989 అక్టోబరు 8, 9 తేదీలలో వర్జీనియా రాష్ట్రంలోని హ్యాంప్టన్ కొలీజియంలో జరిగే రెండు కచేరీలను కొద్ది రోజుల ముందు మాత్రమే ప్రకటించారు; అది కూడా గ్రేట్‌ఫుల్ డెడ్ పేరుతో కాకుండా, ‘ఒకప్పటి వార్లాక్స్’ అనే పేరుతో. వార్లాక్స్ అన్నది వారు మొదట్లో పెట్టుకున్న పేరు. ఆ పేరు తెలిసినవారికే ఆ ప్రకటన అర్థమవుతుంది. అంటే ఆ రెండు రాత్రులు లోపల కూర్చున్నవారిలో చాలామంది, ఆ బృందం గతాన్ని కంఠస్థం చేసినవారు.

మొదటి రాత్రే ఏళ్ల తరబడి వాయించని పాటల వరుసనొకదానిని బయటికి తీశారు. రెండో రాత్రి, విరామం తరువాత, ఇందాక నేను గుర్తుంచుకోమన్న ‘ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్’ మొదలైంది. అది ‘అంకుల్ జాన్స్ బ్యాండ్’ అనే మరొక పాటలోకి వెళ్లి, తిరిగి తనలోకి వచ్చి, మెల్లగా సన్నబడి, ఇక ఏమి వస్తుందో తెలియని ఒక ఖాళీలోకి చేరింది. అప్పుడు ‘డార్క్ స్టార్’ తొలి స్వరాలు పలికాయి. ఆ రికార్డింగులో ఆ క్షణం ఎక్కడుందో ఎవరూ చూపించనక్కర లేదు. జనం నుంచి వచ్చిన హోరుకు సంగీతం కాసేపు మునిగిపోతుంది. పాడటం ఇంకా మొదలు కాలేదు, ఒక్క మాట కూడా వినపడలేదు. కొన్ని స్వరాలు విని, వేలమంది ఒకేసారి గుర్తుపట్టారు. ఐదేళ్ల పైచిలుకు ఎదురుచూపు ఆ హోరులో ఉంది. అదే రాత్రి చివరగా, 1972 నుంచి ముట్టుకోని ‘ఆటిక్స్ ఆఫ్ మై లైఫ్’ కూడా పాడి కచేరీ ముగించారు. నేను ఆ సభలో లేను. అయినా ఆ హోరు విన్న ప్రతిసారీ నా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

లేనివారికి ఆ రాత్రి ఎలా అందింది? దీనికి జవాబు ఈ బృందం చేసిన ఒక ఉదారమైన పనిలో ఉంది. మిగతా సంగీతకారులు టేపు రికార్డరు కనిపిస్తే లాక్కొనే కాలంలో, వీరు అభిమానులను రికార్డు చేసుకోనిచ్చారు. వాయించడం పూర్తయ్యాక ఆ సంగీతం మీదేనన్న ధోరణిలో బృందం ప్రధాన గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్సియా బహిరంగంగానే మాట్లాడేవాడు. 1984 అక్టోబరులో, మైకులు పట్టుకొని వచ్చేవారి కోసం ప్రత్యేకంగా సౌండ్ బోర్డు, అంటే కచేరీ శబ్దాన్ని సరిచూసే బల్ల, వెనుక చోటు కేటాయించారు. ఒకే నిబంధన: ఆ టేపులను డబ్బుకు అమ్మకూడదు. నేను చదువుకోవడానికి అమెరికా వచ్చిన కొత్తలో, పక్క గదిలో ఉండే సహవిద్యార్థి అట్టపెట్టెల నిండా తొంభై నిమిషాల క్యాసెట్లు పేర్చి పెట్టుకునేవాడు. ఒక్కొక్క క్యాసెట్ మీద ఊరు, తేదీ, పాటల వరుస చిన్న చిన్న అక్షరాలతో రాసి ఉండేవి. ముక్కూ మొహం తెలియని మనిషికి ఖాళీ క్యాసెట్లు, తపాలా బిళ్లలు పంపితే, ఆయన తన దగ్గరున్న కచేరీని ఎక్కించి తిరిగి పంపేవాడు. ప్రతి నకలులోనూ కాస్త బుసబుస ఎక్కువయ్యేది. హ్యాంప్టన్ నాకు మొదట వినపడింది ఆ బుసబుస మధ్యనే. ఒక సంగీతాన్ని పంచుకోవడానికి ఇంత నిజాయితీ గల ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు.

ఈ సంగీతం పేరెత్తగానే మత్తుమందుల ప్రస్తావన వస్తుంది. అది అబద్ధం కాదు, దాచవలసిన పనీ లేదు. ఆ అలవాట్లు ఈ బృందంలోనూ, అభిమానులలోనూ ప్రాణాలు తీశాయి. కానీ ఆ గుంపులోనే మరొక గుంపు ఉందని తక్కువమందికి తెలుసు. మద్యం, మత్తు మానుకొని కూడా కచేరీలకు రావాలనుకునేవారు 1980ల నుంచి ‘వార్ఫ్ రాట్స్’ పేరుతో ఒక బల్ల దగ్గర పసుపు బుడగలు కట్టుకొని నిలబడతారు, విరామంలో అక్కడే సమావేశమవుతారు. అటువంటి బల్ల ఫిష్ కచేరీల్లోనూ ఉంటుంది. నేను ఏ మత్తూ లేకుండానే ఇన్నేళ్లూ ఈ సంగీతం విన్నాను, ఆ పసుపు బుడగలు కనపడిన ప్రతిచోటా నాకు ధైర్యంగా అనిపించింది. మా ఇంటివారికి ఈ తిరుగుడు గురించి నచ్చజెప్పగలిగింది కూడా వాళ్లను చూపించే.

1995 ఆగస్టు 9న జెర్రీ గార్సియా మరణించాడు. ఆ ఏడాది చివరికి మిగతావారు ఆ పేరుతో ఇక వాయించబోమని ప్రకటించారు. అయినా పాటలు ఆగలేదు. మిగిలినవారి కొత్త బృందాల్లో, వేరే తరం గిటారిస్టుల చేతుల్లో అవి నేటికీ తిరుగుతున్నాయి. 1977 నాటి కచేరీలే గొప్పవి, ఆ తరువాత ఏముంది అని వాదించే అభిమానులు నాకు తెలుసు. ఏ రాత్రి పాట ఆ రాత్రిదే అని నమ్మేవారు ఆ మాట అనకూడదని నా అభిప్రాయం.

వినాలని కుతూహలం కలిగినవారికి నేను చెప్పేది ఒక్కటే. గొప్ప పాటల సంకలనంతో మొదలుపెట్టకండి. ఒకే ఒక్క పాటను ఎంచుకొని మూడు వేర్వేరు తేదీలలో వినండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత గ్రంథాలయంలో వేలాది గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలు తేదీల వారీగా ఉన్నాయి. ‘డార్క్ స్టార్’ కావాలంటే మొదట 1969 ఫిబ్రవరి 27, తరువాత 1972 ఆగస్టు 27, ఆపైన 1989 అక్టోబరు 9 వినండి. చిన్న రికార్డును చివరికి పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు దారి దొరకకపోతే గిటారును వదిలేసి, ఫిల్ లెష్ బేస్ వాద్యాన్ని మాత్రమే పట్టుకొని నడవండి. మలుపులు చాలావరకు ముందుగా అక్కడే వినపడతాయి. ఒకే తేదీకి రెండు మూడు రికార్డింగులు కనిపిస్తాయి. సౌండ్ బోర్డు నుంచి తీసినది శుభ్రంగా ఉంటుంది, కానీ హ్యాంప్టన్ విషయంలో మాత్రం జనం మధ్య కూర్చుని రికార్డు చేసినదానినే ఎంచుకోండి.

నమస్కారం.