కెమెరా పట్టుకుని వాళ్ళ బేస్‌మెంట్‌లోకి దిగే ముందు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, ముందు దానికి థాంక్స్. నన్ను మాట్లాడమన్న టాపిక్ ఏంటంటే విదేశాల్లో అండర్‌గ్రౌండ్ మ్యూజిక్ మీద డాక్యుమెంటరీలు ఎలా తీసారు అని. ఆ అండర్‌గ్రౌండ్ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి మనం. మా నాన్న వాళ్ళ తరంలో "ఆయన అండర్‌గ్రౌండ్‌కి వెళ్ళాడు" అంటే అజ్ఞాతంలోకి వెళ్ళాడని, ఇంట్లో కూడా గొంతు తగ్గించి చెప్పుకునే మాట అది. గద్దర్ 1985 నుంచి 1990 దాకా అలాగే ఉన్నారు, మనిషి కనపడలేదు కానీ పాట జనం నోట్లో తిరుగుతూనే ఉంది. అదే లండన్‌లోనో న్యూయార్క్‌లోనో అండర్‌గ్రౌండ్ బ్యాండ్ అంటే రేడియోలో రాని బ్యాండ్, అంతకుమించి ఏం లేదు. మీరు కెమెరా తీసుకుని ఎక్కడికన్నా వెళ్తే ముందు తేల్చుకోవాల్సింది ఇదే, అక్కడి అండర్‌గ్రౌండ్ ఈ రెండిట్లో ఏది? దాన్ని బట్టే మీరు ఏం తీయొచ్చు, ఏం తీయకూడదు అన్నది ఉంటుంది.

మొదట లాస్ ఏంజిలస్. పెనెలోపి స్ఫీరిస్ అనే డైరెక్టర్ 1979, 80లలో అక్కడి పంక్ బ్యాండ్ల వెంట, అంటే గోలగా, కోపంగా రాక్ వాయించేవాళ్ళ వెంట తిరిగి షూట్ చేసింది, సినిమా 1981లో వచ్చింది, పేరు ద డిక్లైన్ ఆఫ్ వెస్టర్న్ సివిలైజేషన్. అందులో బ్లాక్ ఫ్లాగ్ అనే బ్యాండ్ వాళ్ళు ఒక పాత చర్చిలో ఉంటుంటారు, వాళ్ళ సింగర్ తను పడుకునే చోటు చూపిస్తాడు, అది గది కూడా కాదు, బట్టల అలమర అంత ఉంటుంది, నెలకి 16 డాలర్లు కడుతున్నా అంటాడు. ఆ ఒక్క షాట్‌లో మొత్తం అర్థమైపోతుంది, ఇంక వాయిస్ ఓవర్ పెట్టి ఎకనామిక్స్ చెప్పక్కర్లేదు. కానీ నేను ఆ సినిమా మొదలు గురించి చెప్పాలి. బ్యాండ్ వాళ్ళు ఒక్కొక్కళ్ళే స్టేజ్ మీద మైక్ ముందుకొచ్చి, ఇక్కడ షూటింగ్ జరుగుతోంది, మీరు ఇందులో కనపడొచ్చు అని ఆ లీగల్ నోటీసు చదువుతారు, కొందరు నవ్వుతూ, కొందరు విసుగ్గా. ఎవరైనా అయితే అది ఎడిటింగ్‌లో తీసి పక్కన పడేసేవాళ్ళు, ఆవిడ దాన్నే ఓపెనింగ్ చేసింది. అనుమతి అడగడం కూడా కథలో భాగమే అని నేను మొదటిసారి నేర్చుకుంది అక్కడే. ఇంకోటి, పంక్ పాటల్లో మాటలు ఆ గోలలో వినపడవు, అందుకని సాహిత్యం సబ్‌టైటిల్‌గా వేసింది. చూసేవాళ్ళకి అది గోల కాదు, వాళ్ళేదో చెప్తున్నారు అని తెలియాలి కదా.

అక్కడ పోలీసులతో గొడవలు లేవని కాదు, ఉన్నాయి, సిటీ పోలీస్ చీఫే ఈ సినిమా ఇక్కడ మళ్ళీ వేయొద్దని అడిగాడు. అయినా సరే పేరు చెప్పి, మొహం చూపించి మాట్లాడగలిగారు వాళ్ళు.

టెహ్రాన్‌లో అలా కుదరదు. ఇరాన్‌లో ఆల్బమ్ వేయాలన్నా, కచేరీ పెట్టాలన్నా సాంస్కృతిక శాఖ నుంచి పర్మిషన్ కావాలి, ఆ శాఖని అక్కడ అందరూ ఎర్షాద్ అంటారు. 1979 విప్లవం తర్వాత మగవాళ్ళు ఉన్న సభలో ఆడవాళ్ళు సోలోగా పాడటానికి లేదు. ప్రభుత్వ టీవీలో సంగీతం వస్తుంది కానీ వాయిద్యం చూపించరు, పాట వస్తుంటే పూలో, జలపాతమో వేస్తారు. అలాంటి చోట రాక్ బ్యాండ్ అంటే నిజంగానే నేల కిందకి దిగాలి. బహ్మాన్ ఘోబాది అనే డైరెక్టర్ 2009లో ఒక సినిమా తీసాడు, అది పూర్తిగా డాక్యుమెంటరీ కాదు కానీ అందులో ఉన్నది అసలు మ్యుజీషియన్లు, పర్మిషన్ లేకుండా 17 రోజుల్లో తీసేసారు. ఒక మెటల్ బ్యాండ్ పశువుల కొట్టంలో ప్రాక్టీస్ చేస్తుంటుంది, పక్కన ఆవులు. ఎందుకంటే పక్కింటివాళ్ళు పోలీసులకి ఫోన్ చేసే భయం లేని చోటు అదొక్కటే.

ఆ తర్వాత 2016లో సుసానే రెగీనా మోయిరెస్ అనే ఆవిడ రేవింగ్ ఇరాన్ తీసింది. అనూష్, అరాష్ అని ఇద్దరు డీజేలు, ఎడారిలో రహస్యంగా పార్టీలు పెడతారు. కొన్ని సీన్లు ఫోన్లతోనే షూట్ చేసారు, చొక్కా జేబులో ఫోన్ పెట్టి కెమెరాకి రంధ్రం ఉండేలా కుట్టించుకుని. ఆల్బమ్‌కి పర్మిషన్ అడగడానికి ఆ శాఖ ఆఫీసుకి వెళ్ళినప్పుడు కూడా జేబులో ఫోన్ రికార్డ్ చేస్తూనే ఉంటుంది. ఫ్రేమ్ వంకరగా ఉంటుంది, సగం మొహమే పడుతుంది, కానీ మనకి ఊపిరాడదు. చివరికి వాళ్ళకి జూరిక్‌లో ఒక ఫెస్టివల్ నుంచి పిలుపు, 5 రోజుల వీసా దొరుకుతుంది, వెళ్ళి అక్కడే ఆశ్రయం అడిగారు. ఇది గుర్తుపెట్టుకోండి, వాళ్ళు దేశం దాటాకే సినిమా బయటికొచ్చింది. ఇంకా టెహ్రాన్‌లోనే ఉండుంటే అదే సినిమా వాళ్ళ మీద సాక్ష్యం అయ్యుండేది.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేనొకసారి తప్పు చేసాను. చాలా ఏళ్ళ కింద, ఒక గదిలో ఉంటూ పాటలు కట్టుకునే కుర్రాడి మీద చిన్న ఫిల్మ్ చేసా. "మొహం చూపించొద్దు అన్నా" అన్నాడు, చూపించలేదు. కానీ కిటికీలోంచి ఒక షాట్ తీసా, ఎదురుగా వాటర్ ట్యాంకు, పక్కన షాపు బోర్డు, సాయంత్రం వెలుతురు చాలా బాగుంది, అందుకని ఉంచేసా. అది చూసి ఇంటి ఓనర్ గుర్తుపట్టాడు, వారంలో గది ఖాళీ చేయించాడు. ఆ అబ్బాయి నన్నేం అనలేదు, ఫోన్ ఎత్తడం మానేసాడు. అప్పట్నుంచి ఎడిటింగ్‌లో కూర్చుంటే మొహాలకంటే ముందు కిటికీలు చూస్తా నేను.

బాగ్దాద్ సంగతి ఇంకా కష్టం. అక్రాసికాడా అని ఒక హెవీ మెటల్ బ్యాండ్, ఆ పేరు ఒక నల్ల తేలు జాతి పేరు నుంచి తీసుకున్నది. సద్దాం కాలంలో స్టేజ్ ఎక్కాలంటే ఆయన్ని పొగుడుతూ ఒక పాట కట్టాల్సొచ్చింది వాళ్ళకి. యుద్ధం తర్వాత జుట్టు పెంచుకుని ఇంగ్లీషు పాటలు పాడితే చంపేస్తామని బెదిరింపులు. 2005లో అల్ ఫనార్ అనే హోటల్లో ఒక కచేరీ చేయగలిగారు. సురూష్ అల్వి, ఎడ్డీ మొరెట్టి అనే ఇద్దరు డైరెక్టర్లు వీళ్ళ మీద సినిమా కోసం 2006లో బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వేసుకుని, గన్‌మెన్‌ని పెట్టుకుని వెళ్ళి షూట్ చేసారు. ప్రాక్టీస్ చేసుకునే చోటు బాంబు పడి పోయింది. అక్కడ పాట కన్నా ఎక్కువ, ఫ్రెండ్ ఇంటికి ఎలా వెళ్ళాలి, ఎవరు బతికున్నారు అన్నదే సినిమా అయిపోయింది. తర్వాత ఆ కుర్రాళ్ళు సిరియా పారిపోయారు, వాయిద్యాలు అమ్ముకుని అద్దె కట్టుకున్నారు. సినిమా 2007లో వచ్చాక తీసినవాళ్ళు చేతులు దులుపుకోలేదు, విరాళాలు పోగుచేసి టర్కీ చేర్చారు, 2009కల్లా అమెరికాలో శరణార్థులుగా దిగారు. గన్‌మెన్‌తో వెళ్ళడం ధైర్యమే, కాదనను, కానీ ఈ రెండేళ్ళు వెంట నిలబడటమే నాకు అసలు ఫిల్మ్‌మేకింగ్‌లా కనపడుతుంది.

ఇప్పుడు టెక్నికల్‌గా ఒక్క ముక్క, సౌండ్. చిన్న బేస్‌మెంట్‌లో డ్రమ్స్, రెండు గిటార్ యాంప్‌లు మోగుతుంటే కెమెరా మైక్ తట్టుకోలేదు, సౌండ్ చిరిగిపోతుంది, తర్వాత ఏం చేసినా బాగవ్వదు. విడిగా రికార్డర్ పెట్టండి, రెండు లెవెల్స్‌లో రికార్డ్ చేయండి, ఒకటి బాగా తగ్గించి. పాట ఆగాక వెంటనే ఆపేయకండి, ఒక నిమిషం అలా ఉంచండి. యాంప్ బుస్సుమనే శబ్దం, ఎవరో మెట్ల మీదకెళ్ళి బయట ఎవరన్నా ఉన్నారా అని చూసి రావడం, ఆ చూసి వచ్చే అడుగుల చప్పుడు పాటంత ముఖ్యం ఇలాంటి సినిమాకి. ఫుటేజ్ ఫైళ్ళకి మనుషుల పేర్లు పెట్టకండి, ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేయండి, కార్డ్ ఖాళీ చేయకుండా బోర్డర్ దాటకండి. పబ్లిక్‌గా వేసే ముందు వాళ్ళకి చూపించండి, ఈ షాట్ తీసేయ్ అంటే తీసేయండి, ఎంత మంచి షాట్ అయినా.

సరే, ఇప్పుడు ఆ అల్ ఫనార్ హోటల్ కచేరీ ముక్క వేస్తా. వెనకవాళ్ళు ఆ లైట్ ఆపండి బాబూ. మొదటిసారి స్టేజ్ చూడకండి, కింద నిలబడి తలలూపుతున్న కుర్రాళ్ళని చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.